డ్యూక్ - నార్త్ కరోలినా బాస్కెట్‌బాల్ స్పర్ధ

డ్యూక్ - నార్త్ కరోలినా బాస్కెట్‌బాల్ స్పర్ధ అనునది అమెరికా సంయుక్త రాష్ట్రములలో నార్త్ కరోలినా రాష్ట్రమునకు చెందిన రెండు విశ్వవిద్యాలయముల పురుషుల బాస్కెట్‌బాల్ జట్ల నడుమ 1920 నుండి కొనసాగుచున్న పోటీ. డర్హమ్ నగరములోని డ్యూక్ విశ్వవిద్యాలయము, చాపెల్ హిల్ పట్టణములోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయము ఒకదానికొకటి సుమారు 16 కిలోమీటర్ల దూరములో ఉన్నవి. రెండు జట్లును అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్ (ఏ.సి.సి.) సభ్యులు. 2025 నాటికి ఇవి 260కి పైగా ఆటలలో తలపడినవి. మొత్తము విజయములలో నార్త్ కరోలినా ముందున్నది. జాతీయ కళాశాల క్రీడా సంఘము (ఎన్.సి.ఏ.ఏ.) ఛాంపియన్‌షిప్‌ను నార్త్ కరోలినా 6 పర్యాయములు (1957, 1982, 1993, 2005, 2009, 2017), డ్యూక్ 5 పర్యాయములు (1991, 1992, 2001, 2010, 2015) గెలుచుకొన్నవి.

అమెరికా కళాశాల క్రీడలలో మిక్కిలి ప్రసిద్ధమైన స్పర్ధలలో ఇది ఒకటి. అయితే దీని ప్రాముఖ్యము గెలుపు ఓటములకే పరిమితము కాదు. ప్రభుత్వ విద్యకు ప్రైవేటు విద్యకు, స్థానికులకు బయటివారికి, సామాన్యులకు సంపన్నులకు, నల్లజాతివారికి శ్వేతజాతివారికి నడుమ ఆ దేశములో గల వ్యత్యాసములు ఈ ఆట చుట్టూ పలుమార్లు బయటపడినవి. వాటిలో కొన్ని వాస్తవములు, కొన్ని అభిమానులు కల్పించుకొన్న రూపములు. ఈ రెంటినీ వేరుచేసి చూచినప్పుడే స్పర్ధ స్వరూపము అర్థమగును.

రెండు విశ్వవిద్యాలయములు

నార్త్ కరోలినా విశ్వవిద్యాలయమునకు 1789లో శాసన పత్రము లభించినది. 1795లో తరగతులు ప్రారంభమైనవి. ప్రభుత్వ విశ్వవిద్యాలయములలో దేశమున మొదట విద్యార్థులను చేర్చుకొన్నది ఇదే. తొలి భవనముల నిర్మాణములో బానిసలు పనిచేసినారు. వారి స్మారకము ఒకటి 2005లో విశ్వవిద్యాలయ ఆవరణలో ఆవిష్కరించబడినది. రాష్ట్ర ప్రజల పన్నులతో నడచు సంస్థ గనుక, బయటి రాష్ట్రముల నుండి వచ్చు మొదటి సంవత్సరపు విద్యార్థుల సంఖ్య 18 శాతమునకు మించరాదను నియమమును 1980ల నుండి దీర్ఘకాలము పాటించినారు. ఈ జట్టు పేరు "తార్ హీల్స్", అనగా తారు అంటిన మడమలు. ఒకప్పుడు ఆ రాష్ట్రపు దేవదారు అడవులలో తారు తీయు పేద పనివారిని హేళన చేయుటకు వాడిన మాట కాలక్రమమున గర్వకారణమైన పేరుగా మారినది.

డ్యూక్ విశ్వవిద్యాలయము మూలములు 1838లో రాండాల్ఫ్ కౌంటీలో వెలసిన ఒక చిన్న పాఠశాలలో ఉన్నవి. మెథడిస్టు క్రైస్తవ శాఖతో సంబంధము గల ఈ సంస్థ ట్రినిటీ కళాశాలగా ఎదిగి 1892లో డర్హమ్‌కు తరలివచ్చినది. పొగాకు వ్యాపారములో అపార ధనము గడించిన డ్యూక్ కుటుంబము దీనిని పోషించినది. అమెరికన్ టొబాకో కంపెనీని 1890లో నెలకొల్పిన జేమ్స్ బుకానన్ డ్యూక్ 1924లో 4 కోట్ల డాలర్లతో ఒక ధర్మనిధిని ఏర్పాటు చేసినాడు. కళాశాలకు ఆ కుటుంబము పేరు అప్పుడే వచ్చినది. ఈ ప్రాంతమునంతటినీ "టొబాకో రోడ్", అనగా పొగాకు బాట అని పిలుచుటకు కారణము ఈ వ్యాపారమే.

డ్యూక్ విద్యార్థులలో అధికులు బయటి రాష్ట్రములవారు. అందువలన నార్త్ కరోలినా అభిమానులు దానిని "డర్హమ్‌లోని న్యూజెర్సీ విశ్వవిద్యాలయము" అని ఎగతాళి చేయుదురు. 2020లలో స్థానిక విద్యార్థికి నార్త్ కరోలినాలో బోధనా రుసుము ఏడాదికి సుమారు 9 వేల డాలర్లు కాగా, డ్యూక్‌లో అది 60 వేల డాలర్లు దాటినది. ధనవంతుల బిడ్డల బడి ఒకవైపు, రైతు బిడ్డల బడి మరొకవైపు అను జనాభిప్రాయమునకు ఆధారము ఇదే.

ఈ చిత్రము పూర్తిగా సరియైనది కాదు. రాష్ట్రములోని న్యాయవాదులు, బ్యాంకు అధికారులు, శాసనసభ్యులు పెక్కుమంది తరతరములుగా చాపెల్ హిల్‌లో చదివినవారే. 1986లో ప్రారంభమైన డీన్ స్మిత్ సెంటర్‌ను దాతల విరాళములతో నిర్మించినారు. అందుచేత కోర్టుకు దగ్గరి కుర్చీలు అధిక భాగము దాతలకు దక్కినవి. 1991 డిసెంబరులో ఫ్లోరిడా స్టేట్ జట్టు అక్కడ గెలిచిన తరువాత ఆ జట్టు ఆటగాడు శామ్ కాసెల్ ప్రేక్షకులను వైను, జున్ను ఆరగించు జనముగా వర్ణించినాడు. ఆ మాట నేటికీ నిలిచియున్నది. దీనికి భిన్నముగా డ్యూక్‌లోని కామెరాన్ ఇండోర్ స్టేడియములో కోర్టు ప్రక్క స్థలము విద్యార్థులది. సుమారు 9,300 మంది పట్టు ఆ చిన్న మందిరములో ప్రవేశము కొరకు విద్యార్థులు వారముల తరబడి గుడారములలో నివసించుట 1986 నుండి ఆచారమైనది.

తొలి ఆటలు, క్రీడామందిరము

రెండు జట్లు మొదటిసారి 1920 జనవరి 24న తలపడినవి. నార్త్ కరోలినా 36-25 తేడాతో ట్రినిటీని ఓడించినది. ఆ కాలములో రాష్ట్రమంతటా విద్యాలయములు, రైళ్ళు, భోజనశాలలు, ఆసుపత్రులు జాతుల వారీగా వేరుపరచబడియుండెను. రెండు విశ్వవిద్యాలయములలోను నల్లజాతివారికి ప్రవేశము లేదు.

కామెరాన్ స్టేడియము 1940 జనవరి 6న ప్రారంభమైనది. అప్పటి పేరు డ్యూక్ ఇండోర్ స్టేడియము. 1972లో శిక్షకుడు ఎడ్డీ కామెరాన్ పేరు పెట్టినారు. ఈ మందిరమునకు, డ్యూక్ చాపెల్‌కు, పశ్చిమ ఆవరణలోని అనేక ఇతర భవనములకు రూపకల్పన చేసినది ఫిలడెల్ఫియాలోని ఒక వాస్తుశిల్ప సంస్థలో పనిచేసిన జూలియన్ ఏబెల్ అను నల్లజాతి వాస్తుశిల్పి. తాను రూపొందించిన విశ్వవిద్యాలయములో తన జాతి విద్యార్థులు చేరుటను చూడకయే ఆయన 1950లో మరణించినాడు. 2016లో డ్యూక్ తన ప్రధాన ప్రాంగణమునకు ఆయన పేరు పెట్టినది.

1944 రహస్య క్రీడ

డర్హమ్‌లో అప్పటికే మూడవ బాస్కెట్‌బాల్ కేంద్రము ఒకటి కలదు. అది నల్లజాతివారి కొరకు నెలకొల్పబడిన నార్త్ కరోలినా కాలేజ్ ఫర్ నీగ్రోస్. నేడు దాని పేరు నార్త్ కరోలినా సెంట్రల్ విశ్వవిద్యాలయము. దాని శిక్షకుడు జాన్ మెక్‌లెండన్ కాన్సాస్ విశ్వవిద్యాలయములో బాస్కెట్‌బాల్ సృష్టికర్త జేమ్స్ నైస్మిత్ వద్ద చదువుకొన్నవాడు. నల్లజాతివాడగుటచే అక్కడి జట్టులో ఆడుటకు ఆయనకు అవకాశము లభించలేదు. బంతి చేజిక్కిన వెంటనే వేగముగా ముందుకు సాగు ఆటతీరును ఆయన తన విద్యార్థులకు నేర్పినాడు.

రెండవ ప్రపంచ యుద్ధ కాలములో డ్యూక్ వైద్య విద్యార్థులతో కూడిన ఒక జట్టు ఉండెను. పూర్వము ఇతర కళాశాలలలో ఆడిన సమర్థులు అందులో ఉన్నారు. 1944 మార్చి 12, ఆదివారము ఉదయము, పట్టణమంతయు చర్చిలో ఉన్న వేళ, వారు రహస్యముగా మెక్‌లెండన్ జట్టు వ్యాయామశాలకు వచ్చినారు. తలుపులు మూసి, ప్రేక్షకులు లేకుండ ఆట సాగించినారు. నల్లజాతి జట్టు 88-44 తేడాతో గెలిచినది. పిమ్మట ఇరు జట్ల ఆటగాళ్ళను కలిపి రెండుగా చేసి మరల ఆడినారు. సంగతి తెలిసిన విలేఖరి కూడ దానిని వ్రాయలేదు.

ఈ గోప్యత అనవసరమైనది కాదు. అదే సంవత్సరము జూలైలో బుకర్ స్పైస్లీ అను నల్లజాతి సైనికుడు డర్హమ్ బస్సులో వెనుక వరుసకు వెళ్ళుటలో జాప్యము చేసినాడని బస్సు డ్రైవరు అతనిని కాల్చి చంపినాడు. న్యాయస్థానము డ్రైవరును నిర్దోషిగా విడిచిపెట్టినది. చరిత్రకారుడు స్కాట్ ఎల్స్‌వర్త్ 1996లో ప్రచురించిన వ్యాసము వలన ఆనాటి ఆట లోకమునకు తెలిసినది. 2015లో ఆయన దీనిపై గ్రంథము వెలువరించినాడు. మెక్‌లెండన్ తరువాత టెన్నెస్సీ స్టేట్ జట్టుకు 1957, 1958, 1959 సంవత్సరములలో వరుసగా మూడు జాతీయ విజయములు చేకూర్చినాడు.

న్యూయార్క్ ఆటగాళ్ళు, 1961 ఘర్షణ

ఏ.సి.సి. 1953లో ఏర్పడినది. అంతకు ముందు సంవత్సరము నార్త్ కరోలినా శిక్షకుడుగా వచ్చిన ఫ్రాంక్ మెగ్వైర్ న్యూయార్క్ నగరవాసి. ఆయన తన నగరములోని కాథలిక్, యూదు కుటుంబముల బాలురను చాపెల్ హిల్‌కు రప్పించినాడు. ప్రొటెస్టెంటులు అధికముగా గల దక్షిణాదిలో వీరు బయటివారే. 1957లో లెన్నీ రోజెన్‌బ్లూత్ నాయకత్వములోని ఆ జట్టు 32 ఆటలలో ఒక్కటియు ఓడలేదు. అంతిమ పోటీలో విల్ట్ చాంబర్లేన్ ఆడిన కాన్సాస్ జట్టును మూడు అదనపు సమయముల అనంతరము 54-53తో ఓడించినది. రాష్ట్రములో బాస్కెట్‌బాల్ పట్ల ప్రజాదరణ పెరుగుటకు ఈ విజయము కారణమైనది.

న్యూయార్క్ సమీపములోని లాంగ్ ఐలండ్‌కు చెందిన ఆర్ట్ హేమన్ మొదట నార్త్ కరోలినాలో చేరుటకు అంగీకరించి, పిదప డ్యూక్‌లో చేరినాడు. 1961 ఫిబ్రవరి 4న డర్హమ్‌లో జరిగిన ఆట చివరి ఘట్టములో అతనికి, నార్త్ కరోలినా ఆటగాడు లారీ బ్రౌన్‌కు నడుమ ఘర్షణ చెలరేగినది. ఇరువురును లాంగ్ ఐలండ్‌కు చెందిన యూదులే. ప్రేక్షకులు సైతము కోర్టు మీదికి వచ్చినారు. డ్యూక్ 81-77తో గెలిచినది. హేమన్, బ్రౌన్, డోనీ వాల్ష్ ముగ్గురును ఆ సీజనులో మిగిలిన ఏ.సి.సి. ఆటల నుండి బహిష్కరింపబడినారు. స్పర్ధ నేటి తీవ్రతను పొందినది అప్పటినుండియేనని పలువురి అభిప్రాయము. స్థానికులు, బయటివారు అను విభజన రెండు వైపులను ఒకే విధముగ వర్తించునని కూడ ఈ ఘటన చూపుచున్నది.

నల్లజాతి విద్యార్థుల ప్రవేశము

న్యాయస్థానపు ఆజ్ఞ మేరకు నార్త్ కరోలినా న్యాయ కళాశాల 1951లో నల్లజాతివారిని చేర్చుకొన్నది. ఆ ఏడు ఫుట్‌బాల్ ఆటలకు వారికి తోటి విద్యార్థుల మధ్య కాక నల్లజాతి ప్రేక్షకుల విభాగములో స్థానము కేటాయించగా వారు ప్రతిఘటించినారు. చివరకు విశ్వవిద్యాలయము దిగివచ్చినది. పట్టభద్రులు కాని విద్యార్థులలో మొదటి ముగ్గురు నల్లజాతివారు 1955లో చేరినారు. వారు డర్హమ్‌లోని హిల్‌సైడ్ ఉన్నత పాఠశాల నుండి వచ్చినవారు. డ్యూక్ పైతరగతులలో 1961లోను, క్రింది తరగతులలో 1963లోను ప్రవేశము కల్పించినది.

బాస్కెట్‌బాల్‌లో మార్పు ఇంకను ఆలస్యముగా వచ్చినది. ఏ.సి.సి.లో మొదటి నల్లజాతి ఆటగాడు మేరీలాండ్‌కు చెందిన బిల్లీ జోన్స్. ఆయన 1965-66 సీజనులో ఆడినాడు. ఆ సీజను ముగింపులో ఐదుగురు నల్లజాతి ఆటగాళ్ళతో ఆట ప్రారంభించిన టెక్సస్ వెస్టర్న్ జట్టు, శ్వేతజాతివారు మాత్రమే గల కెంటకీ జట్టును 72-65తో ఓడించి జాతీయ విజేత అయినది. కెంటకీ చేతిలో సెమీ ఫైనల్‌లో ఓడిన డ్యూక్ జట్టులోను నల్లజాతివారు లేరు.

డ్యూక్ జట్టులో మొదటి నల్లజాతి ఆటగాడు సి. బి. క్లైబోర్న్. వర్జీనియాలోని డాన్‌విల్ నుండి 1965లో వచ్చి ఇంజనీరింగు చదివినాడు. జట్టు వార్షిక విందు నల్లజాతివారిని అనుమతించని ఒక క్లబ్బులో జరుగగా ఆయన దానికి హాజరు కాలేకపోయినాడు. స్నేహముల కొరకు నార్త్ కరోలినా సెంట్రల్‌కు వెళ్ళెడివాడు. చేరుటకు అనుమతి లభించుట వేరు, కలుపుకొనబడుట వేరు అనుటకు ఆయన అనుభవమును ఉదాహరణగా చెప్పుదురు.

చార్లీ స్కాట్, 1969 సంవత్సరము

నార్త్ కరోలినాలో క్రీడా ఉపకారవేతనము పొందిన మొదటి నల్లజాతి విద్యార్థి చార్లీ స్కాట్. న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో పెరిగి, నార్త్ కరోలినాలోని లారిన్‌బర్గ్ ఇన్‌స్టిట్యూట్‌లో తరగతి ప్రథముడుగా ఉత్తీర్ణుడైనాడు. 1966లో విశ్వవిద్యాలయములో చేరినాడు. 1968 ఒలింపిక్ క్రీడలలో స్వర్ణ పతకము పొందిన అమెరికా జట్టులో సభ్యుడు.

ఈ స్పర్ధ చరిత్రలో 1969 ప్రథమార్ధము విశిష్టమైనది. ఫిబ్రవరి 13న డ్యూక్‌లో నల్లజాతి విద్యార్థులు పరిపాలనా కార్యాలయమైన ఆలెన్ భవనమును ఆక్రమించినారు. నల్లజాతి చరిత్ర, సంస్కృతులకు ప్రత్యేక శాఖ కావలెనను కోరిక వారి డిమాండ్లలో ఒకటి. పోలీసులు బాష్పవాయువు ప్రయోగించినారు. క్లైబోర్న్ కూడ ఆ నిరసనలో పాల్గొన్నాడు. అదే నెలలో చాపెల్ హిల్‌లో భోజనశాల కార్మికులు సమ్మెకు దిగినారు. వారిలో అత్యధికులు నల్లజాతి స్త్రీలు. గవర్నరు పోలీసు బలగములను పంపినాడు. అంతకు ముందు సంవత్సరము, మార్టిన్ లూథర్ కింగ్ హత్యానంతరము, డ్యూక్ విద్యార్థులు ఆవరణలో మౌనముగా బైఠాయించి పారిశుద్ధ్య, భోజనశాల కార్మికులకు గంటకు 1.60 డాలర్ల కనీస వేతనమును కోరినారు. ధనికుల బడి, ప్రజల బడి అను భేదము ఉన్నప్పటికి, రెండు చోట్లను వంట వండి, గదులు ఊడ్చినవారు ఒకే జాతివారు, ఒకే వర్గమువారు. వారి వేతనములు రెండు చోట్లను స్వల్పమే.

ఈ వాతావరణములో, మార్చి నెలలో షార్లట్ నగరమున జరిగిన ఏ.సి.సి. అంతిమ పోటీలో స్కాట్ డ్యూక్‌పై 40 పాయింట్లు సాధించినాడు. నార్త్ కరోలినా 85-74తో గెలిచినది. అయినను ఆ సంవత్సరపు ఉత్తమ ఆటగాని బిరుదు సౌత్ కరోలినాకు చెందిన శ్వేతజాతి ఆటగాడు జాన్ రోష్‌కు దక్కినది. ఓటు వేసిన పాత్రికేయులలో కొందరు స్కాట్‌ను కాన్ఫరెన్స్ ఉత్తమ జట్టుకు కూడ ఎంపిక చేయలేదు. దీనికి కారణము జాతియేనని భావించిన స్కాట్ తదుపరి ఆటలను బహిష్కరింపదలచి, చివరకు ఆడినాడు. డేవిడ్‌సన్ జట్టుపై చివరి క్షణములో అతడు వేసిన బంతి జట్టుకు 87-85తో విజయము చేకూర్చినది.

స్మిత్, షషెవ్‌స్కీ

స్కాట్‌ను చేర్చుకొన్న శిక్షకుడు డీన్ స్మిత్ 1961 నుండి 1997 వరకు పనిచేసి 879 విజయములు సాధించినాడు. ఆయన తండ్రి ఆల్‌ఫ్రెడ్ స్మిత్ 1934లో కాన్సాస్‌లో నల్లజాతి బాలునితో కూడిన పాఠశాల జట్టును రాష్ట్ర విజేతగా నిలిపినవాడు. డీన్ స్మిత్ తన పాస్టరు ప్రోత్సాహముతో ఒక నల్లజాతి విద్యార్థిని వెంటబెట్టుకొని చాపెల్ హిల్‌లోని ప్రముఖ భోజనశాలకు వెళ్ళి, అక్కడి జాతి నిషేధమునకు తెరదించుటకు తోడ్పడినాడు. 2013లో ఆయనకు అధ్యక్షుని స్వాతంత్ర్య పతకము లభించినది. 2015లో మరణించినాడు.

1980లో డ్యూక్ శిక్షకుడైన మైక్ షషెవ్‌స్కీ చికాగోకు చెందిన పోలిష్ కాథలిక్ కుటుంబములో జన్మించినాడు. తండ్రి లిఫ్టు నడుపు ఉద్యోగి. తల్లి రాత్రివేళ భవనములు శుభ్రపరచు పని చేసినది. 2022లో విరమించు నాటికి ఆయన విజయములు మొత్తము 1,202. సంపన్నుల జట్టుగా పేరుపడిన దానిని నాలుగు దశాబ్దములు నడిపినవాడు కార్మికుని కుమారుడగుట గమనింపదగినది.

1989 ఫలకము వివాదము

కామెరాన్‌లోని విద్యార్థి ప్రేక్షకులు ప్రత్యర్థులను పరిహసించుటలో ప్రసిద్ధులు. 1980ల చివర నార్త్ కరోలినా ఆటగాడు జె. ఆర్. రీడ్ పేరుపై శ్లేష చేయుచు, అతనికి చదువుట రాదను అర్థమిచ్చు ఫలకమును వారు ప్రదర్శించినారు. ఇంగ్లీషులో చదువుట అను క్రియ, ఆయన ఇంటిపేరు ఒకే విధముగ ధ్వనించును. రీడ్ నల్లజాతివాడు. 1989లో డీన్ స్మిత్ దీనిని జాతి వివక్షగా బహిరంగముగ ఖండించినాడు. తన జట్టులోని నల్లజాతి ఆటగాళ్ళు రీడ్, స్కాట్ విలియమ్స్‌ల ప్రవేశ పరీక్ష మార్కుల మొత్తము డ్యూక్‌లోని శ్వేతజాతి ఆటగాళ్ళు డానీ ఫెర్రీ, క్రిస్టియన్ లేట్నర్‌ల మార్కుల మొత్తము కంటె అధికమని ప్రకటించినాడు.

విద్యార్థుల మార్కులను ప్రస్తావించుట ఉచితము కాదని కొందరు విమర్శించినారు. కాని స్మిత్ ప్రశ్న మిగిలియున్నది. ప్రత్యర్థులలో ఎవరి తెలివిని జనము సులభముగ శంకింతురు, ఎవరి తెలివిని శంకింపరు అనునదే ఆ ప్రశ్న.

లేట్నర్, హిల్, రోజ్

1990 అంతిమ పోటీలో లాస్ వెగాస్‌లోని నెవాడా విశ్వవిద్యాలయము డ్యూక్‌ను 103-73తో చిత్తు చేసినది. మరుసటి ఏట సెమీ ఫైనల్‌లో డ్యూక్ అదే జట్టును 79-77తో ఓడించి మొదటి జాతీయ విజయము వైపు సాగినది. 1992 అంతిమ పోటీలో మిషిగన్‌ను 71-51తో ఓడించినది. మిషిగన్ జట్టులో మొదటి సంవత్సరము చదువుచున్న ఐదుగురు నల్లజాతి యువకులు "ఫాబ్ ఫైవ్"గా ప్రఖ్యాతులు. పత్రికలు, టెలివిజన్ ఈ పోటీలను క్రమశిక్షణ గల జట్టుకు, వీధి ఆట ఆడు జట్టుకు నడుమ పోరుగా చిత్రించినవి. ఆ మాటల వెనుక జాతి భేదము దాగియున్నదని విమర్శకులు ఎత్తిచూపినారు. డ్యూక్ ముఖ్య ఆటగాళ్ళలో గ్రాంట్ హిల్, థామస్ హిల్, బ్రయన్ డేవిస్ నల్లజాతివారే.

2011 మార్చిలో ఈ.ఎస్.పి.ఎన్. ప్రసారము చేసిన "ది ఫాబ్ ఫైవ్" చిత్రములో మిషిగన్ పూర్వ ఆటగాడు జేలెన్ రోజ్, తన యౌవనములో డ్యూక్ పట్ల గల ద్వేషమును వివరించినాడు. డ్యూక్ తనవంటి వారిని చేర్చుకొనదని, అక్కడ చేరు నల్లజాతి ఆటగాళ్ళు "అంకుల్ టామ్"లని తాను అప్పట్లో భావించితినని చెప్పినాడు. శ్వేతజాతివారికి లొంగియుండు నల్లజాతివానిని నిందించు మాట అది. రోజ్ డెట్రాయిట్‌లో తల్లి పెంపకములో పెరిగినాడు. వృత్తి బాస్కెట్‌బాల్ ఆటగాడైన తండ్రి జిమ్మీ వాకర్‌ను ఎన్నడును కలిసికొనలేదు. గ్రాంట్ హిల్ తండ్రి కాల్విన్ హిల్ యేల్‌లో చదివిన ఫుట్‌బాల్ క్రీడాకారుడు. తల్లి వెల్స్లీ కళాశాల పట్టభద్రురాలు.

హిల్ కొద్ది దినములలోనే న్యూయార్క్ టైమ్స్ ద్వారా సమాధానమిచ్చినాడు. తల్లిదండ్రులు ఇరువురు గల విద్యావంతుల కుటుంబములో పుట్టుట నల్లజాతీయతకు లోపము కాదని, తన పూర్వులు ఎన్నో త్యాగములతో ఆ స్థితికి చేరినారని వివరించినాడు. రోజ్ తాను బాలునిగా పడిన భావమును చెప్పితినే గాని నేటి అభిప్రాయము కాదన్నాడు. ఈ చర్చ ప్రాముఖ్యము ఏమనగా, జాతి పేరుతో మొదలైన ద్వేషము లోపల వర్గ భేదము ఉన్నదని, అది ఒకే జాతి లోపల కూడ పనిచేయునని ఇది స్పష్టపరచినది.

శ్వేతజాతి ఆటగాడైన లేట్నర్ విషయము దీనికి మరొక ప్రక్క. 2015లో ఈ.ఎస్.పి.ఎన్. ఆయనపై గల ద్వేషమును గురించి ఒక పూర్తి చిత్రమును నిర్మించినది. సంపన్నుని కుమారుడని ప్రేక్షకులు ఆయనను తిట్టిపోసినారు. నిజమునకు ఆయన తండ్రి బఫెలో నగరమున వార్తాపత్రిక ముద్రణాలయ కార్మికుడు. ప్రైవేటు పాఠశాలలో ఆయన చదువు ఆర్థిక సహాయముతో సాగినది. ఇట్లే బాబీ హర్లీ తండ్రి జెర్సీ సిటీలో ప్రొబేషన్ అధికారి. చాపెల్ హిల్‌లో పెరిగిన రచయిత విల్ బ్లైత్ 2006లో వెలువరించిన "టు హేట్ లైక్ దిస్ ఈజ్ టు బీ హ్యాపీ ఫరెవర్" అను గ్రంథము ఈ ద్వేషమునే విషయముగా స్వీకరించినది.

శ్రమ, ధనము, చదువు

ఈ ఆటల వలన టెలివిజన్ సంస్థలకు, విశ్వవిద్యాలయములకు, బూట్ల కంపెనీలకు అపారమైన ఆదాయము కలుగుచున్నది. శిక్షకులు లక్షల డాలర్ల వేతనములు పొందుదురు. ఆటగాళ్ళకు మాత్రము 2021 వరకు చదువు, వసతి వంటి ఉపకారవేతనములు తప్ప వేరొక ప్రతిఫలము నిషిద్ధము. ఆటగాళ్ళలో అధికులు నల్లజాతివారగుటచే ఇది జాతి సమస్యగా కూడ చర్చించబడినది. 2019 ఫిబ్రవరి 20న కామెరాన్‌లో జరిగిన ఆటకు టికెట్లు వేల డాలర్లకు అమ్ముడుపోయినవి. పూర్వ అధ్యక్షుడు బరాక్ ఒబామా హాజరైనాడు. ఆట మొదలైన 36 క్షణములకే డ్యూక్ ఆటగాడు జయాన్ విలియమ్సన్ బూటు చినిగి, ఆయన మోకాలికి గాయమైనది. నార్త్ కరోలినా 88-72తో గెలిచినది. జీతము లేని యువకుడు ఇతరుల లాభము కొరకు తన భవిష్యత్తును పణముగా పెట్టుట న్యాయమా అను ప్రశ్న దేశమంతట వినవచ్చినది.

2021 జూన్‌లో అమెరికా సుప్రీం కోర్టు ఎన్.సి.ఏ.ఏ.కు వ్యతిరేకముగ తీర్పు చెప్పినది. జూలై 1 నుండి ఆటగాళ్ళు తమ పేరు, రూపములతో ధనార్జన చేయుటకు అనుమతి లభించినది. 2025 జూన్‌లో న్యాయస్థానము ఆమోదించిన ఒప్పందము మేరకు ఒక్కొక్క విశ్వవిద్యాలయము మొదటి ఏడాది సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్ల వరకు ఆటగాళ్ళకు నేరుగా పంచవచ్చును.

ఆటగాళ్ళకు ప్రతిఫలముగా చెప్పబడిన చదువు కూడ ప్రశ్నార్థకమైనది. నార్త్ కరోలినా విశ్వవిద్యాలయములో 1993 నుండి 2011 వరకు, బోధన లేకుండ వ్యాసము మాత్రము స్వీకరించు తరగతులు నడచినవని 2014లో వెలువడిన విచారణ నివేదిక తెలిపినది. ఆ తరగతులలో చేరిన సుమారు 3,100 మందిలో దాదాపు సగము మంది క్రీడాకారులు. ఇవి జరిగినది ఆఫ్రికన్, ఆఫ్రో-అమెరికన్ అధ్యయన శాఖలో. 1969లో విద్యార్థులు పోరాడి కోరిన విద్యావిషయమే ఇట్లు ఉపయోగింపబడుట పలువురిని బాధించినది. తరగతులు ఇతర విద్యార్థులకు కూడ అందుబాటులో ఉన్నందున తమ నియమముల ఉల్లంఘనను నిర్ధారింపలేమని 2017లో ఎన్.సి.ఏ.ఏ. ప్రకటించినది.

2023 జూన్ 29న సుప్రీం కోర్టు విద్యా ప్రవేశములలో జాతిని పరిగణించుటను నిషేధించినది. ఆ వ్యాజ్యములలోని ప్రతివాదులలో నార్త్ కరోలినా విశ్వవిద్యాలయము ఒకటి. అదే వేసవిలో రెండు సంస్థలును ఆదాయము ఆధారముగ రుసుము మినహాయింపులను ప్రకటించినవి. 80 వేల డాలర్ల లోపు వార్షికాదాయము గల రాష్ట్ర కుటుంబములకు నార్త్ కరోలినాయు, లక్షా 50 వేల డాలర్ల వరకు ఆదాయము గల ఉభయ కరోలినాల కుటుంబములకు డ్యూక్‌ను బోధనా రుసుము లేకుండ చేసినవి.

2021, 2022 సంవత్సరములు

2021లో నార్త్ కరోలినా పురుషుల జట్టుకు హ్యూబర్ట్ డేవిస్ శిక్షకుడుగా నియమితుడైనాడు. ఆ పదవి పొందిన మొదటి నల్లజాతివాడు ఆయనయే. ఆయన డీన్ స్మిత్ శిష్యుడు. 2022 మార్చి 5న కామెరాన్‌లో షషెవ్‌స్కీ చివరి ఆటను వీక్షించుటకు ఆయన పూర్వ శిష్యులు పెక్కుమంది రాగా, డేవిస్ జట్టు 94-81తో గెలిచినది. ఏప్రిల్ 2న న్యూ ఆర్లీన్స్‌లో జరిగిన జాతీయ సెమీ ఫైనల్ ఈ రెండు జట్లు ఎన్.సి.ఏ.ఏ. టోర్నమెంటులో తలపడిన మొదటి సందర్భము. నార్త్ కరోలినా 81-77తో గెలుపొందినది. షషెవ్‌స్కీ వృత్తి జీవితము ఆ ఆటతో ముగిసినది. రెండు దినముల తరువాత అంతిమ పోటీలో నార్త్ కరోలినా 72-69తో కాన్సాస్ చేతిలో ఓడినది.

విశేషములు

* 81-77 అను ఫలితము ఈ స్పర్ధలోని రెండు చారిత్రక ఆటలలో కలదు. 1961 ఘర్షణనాటి ఆటను డ్యూక్, 2022 సెమీ ఫైనల్‌ను నార్త్ కరోలినా గెలిచినవి.
* రెండు జట్ల వర్ణమును నీలమే. డ్యూక్‌ది ముదురు నీలము, నార్త్ కరోలినాది లేత నీలము.
* "బ్లూ డెవిల్స్" అను డ్యూక్ జట్టు పేరు మొదటి ప్రపంచ యుద్ధములో పోరాడిన ఫ్రెంచి పర్వత సైనిక దళము నుండి గ్రహింపబడినది.
* డీన్ స్మిత్ సెంటర్‌లో మొదటి ఆట 1986 జనవరి 18న డ్యూక్‌తో జరిగినది. నార్త్ కరోలినా 95-92తో గెలిచినది.
* రెండు విశ్వవిద్యాలయముల సమీపములో 1959లో నెలకొల్పబడిన రీసెర్చ్ ట్రయాంగిల్ పార్కులోని సంస్థల ఉద్యోగముల వలన ఈ ప్రాంతములో తెలుగు కుటుంబములు గణనీయముగ స్థిరపడినవి.